వేసవి విడిది నర్మెట్టలో ఎందుకు కాకూడదు?

వార్షిక పరీక్షలు ముగిసి బడులకు సెలవులిచ్చారంటే హైదరాబాదు మధ్యతరగతి ఇళ్ళలో ఒకటే చర్చ: ఈ వేసవికి ఊటీయా, కొడైకెనాలా? జనగామ జిల్లా నర్మెట్ట వంటి ఊళ్ళలో పుట్టి, ఉద్యోగరీత్యా నగరంలో స్థిరపడినవారు సైతం "అక్కడి ఎండలకు పిల్లలు తట్టుకోలేరు" అంటూ సొంత ఊరి పేరు ఎత్తడం లేదు. ఈ ధోరణి ఆరోగ్యరీత్యా ఎంతవరకు సమంజసమో ఆలోచించవలసి ఉన్నది.

ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్నది. కర్ణాటక దాటి అక్కడికి చేరి, మూడు రోజులు చలిగాలి పీల్చి, మరలా మండుటెండలోకి దిగుతాము. వేడికి శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుందని ఆధునిక వైద్యం చెబుతున్నది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో, గడచే ఋతువు చివరి ఏడు దినాలను, వచ్చే ఋతువు తొలి ఏడు దినాలను ఋతుసంధి అన్నాడు. ఆ కాలంలో పాత అలవాట్లను క్రమంగా విడిచి, కొత్తవాటిని క్రమంగా చేపట్టాలనీ, హఠాత్తుగా మారిస్తే రోగాలు పుడతాయనీ హెచ్చరించాడు. ఈ సూత్రం ప్రదేశం మార్పునకు కూడా వర్తిస్తుందని మా అభిప్రాయం.

గ్రీష్మంలో మధురమైన, చల్లని, ద్రవప్రాయమైన ఆహారం తీసుకోవాలని, వ్యాయామం మానాలని, పగలు చల్లని గదిలో నిద్రించాలని, రాత్రి వెన్నెలలో గాలి వీచే మేడపై శయనించాలని చరకసంహిత సూత్రస్థానం ఉపదేశిస్తున్నది. మద్యం మానాలి, లేదా మితిమీరరాదని కూడా అన్నది. విహారయాత్రలో జరిగేది దాదాపు ఇందుకు విరుద్ధం: రాత్రి ప్రయాణాలు, నిద్రలేమి, కారపు తిండ్లు, పగలంతా తిరుగుడు. హైదరాబాదుకు దాదాపు 85 కిలోమీటర్ల దూరాన ఉన్న జనగామ మీదుగా నర్మెట్ట చేరితే మజ్జిగ, జొన్న అంబలి, తాటి ముంజలు, కుండ నీరు, డాబాపై నిద్ర పెద్ద ఖర్చు లేకుండానే లభిస్తాయి.

అయితే పల్లె ఎండను తేలికగా తీసుకోరాదు. అక్కడ కూడా ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం పదకొండు నుండి సాయంత్రం నాలుగు వరకు పిల్లలు నీడపట్టునే ఉండాలి. ఈత రాని నగర బాలలను చెరువులకు, వ్యవసాయ బావులకు పెద్దల తోడు లేకుండా పంపరాదు. జేబులో ఉల్లిగడ్డ ఉంటే వడదెబ్బ తగలదన్న నమ్మకం ప్రమాదకరం. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, స్పృహ తప్పుతున్నదంటే అది గృహవైద్యానికి లొంగే స్థితి కాదు. వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒంటిని నీటితో తడుపుతూ, గాలి విసురుతూ ఆసుపత్రికి తరలించాలి. స్పృహ లేనివారి నోట ఏ పానీయమూ పోయరాదు.

మరొక్క మాట. సొంత ఊరి సెలవు అనగానే పురుషులకు అరుగు మీద కబుర్లు, పిల్లలకు ఆటలు, కోడలికి మాత్రం పదిమందికి వంట! మే నెలలో మధ్యాహ్నం పూట పొయ్యి ముందు నిలబడే స్త్రీకి కూడా వడదెబ్బ తగులుతుంది. వంట తెల్లవారుజామునే ముగించి, ఒక పూట చల్లన్నంతో సరిపెట్టుకుని, పనిని మగవారు కూడా పంచుకున్నప్పుడే అది ఇంటిల్లిపాదికీ సెలవు అనిపించుకుంటుంది.

వేసవిలో అధికంగా నీరసించేది వృద్ధులే. దాహం వేసినా వారికి సరిగా తెలియదు. ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల చెంత పది రోజులు గడిపితే, వారు నీరు తాగుతున్నారో లేదో, రక్తపోటు మందులు వేళకు వేసుకుంటున్నారో లేదో కళ్ళారా చూడవచ్చును. ఈ అవకాశం ఏ కొండమీది హోటలులోనూ దొరకదు. కొండలు వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాయి. ఈ ఏటి సెలవులలో పది రోజులు పెద్దలకు కేటాయించండి.