‘లైట్ తీస్కో మామా’తో సరిపోనప్పుడు

హాస్టల్లో ఎవరికైనా జ్వరమొస్తే బండెక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. మనసు బాగోలేదంటే మాత్రం "లైట్ తీస్కో మామా" అనేసి ఊరుకుంటాం. కౌన్సెలింగ్‌కి వెళ్తానన్నవాణ్ని "నీకేమైనా పిచ్చా?" అని ఆటపట్టిస్తాం. ఈ వెటకారం ఇక చాలని నా అభిప్రాయం.

అసలు అక్కడేం జరుగుతుందో మనలో చాలామందికి తెలీదు. కూర్చోబెట్టి నీతులు చెబుతారనుకుంటాం. ఒక పద్ధతి చూడండి. సీబీటీ అంటే మనకు గుర్తొచ్చేది కంప్యూటర్ బేస్డ్ టెస్టే. సైకాలజీలో మాత్రం అది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. 1960లలో అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ దీనికి పునాది వేశారు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి తమ గురించి చెడ్డ ఆలోచనలు వాటంతటవే వస్తుంటాయని, వాటినే వాళ్లు నిజాలని నమ్మేస్తారని ఆయన గమనించారు.

ఉదాహరణకి, నాన్న ఫోన్ చేసి "ఆ బ్యాక్‌లాగ్ సంగతేమైందిరా?" అన్నారు. ఆయన అడిగింది అంతే. మనకి వినపడింది "నువ్వు దేనికీ పనికిరావు" అని. ఠక్కున ఫోన్ కట్ చేస్తాం. వారం దాకా మాటలుండవు. థెరపిస్టు వీటిని విడదీసి కాగితం మీద పెట్టిస్తారు: జరిగిందేంటి, నేననుకున్నదేంటి, దానికి రుజువేంటి? కోడ్‌లో తప్పు కోసం లైను లైనూ వెతికే మనకి ఇదేమంత కొత్త కాదు. అలా రాయగా రాయగా, ఒకరోజు "నాన్నా, మీరు అలా అడిగితే నాకు భయమేస్తోంది" అని చెప్పగలుగుతాం. ఫోన్ కట్ చేయడం కంటే అది చాలా కష్టమైన పని. బంధం బాగుపడేది కూడా అక్కడి నుంచే.

మరి నాన్న నిజంగానే "పనికిరావు" అని ఉంటే? థెరపీ ఆయన్ని మార్చలేదు. ఆ మాటని మనం జీవితాంతం మోయక్కర్లేదని మాత్రం నేర్పగలదు. ఒక్క సిట్టింగ్‌లో అయ్యే పనీ కాదు. కొందరికి మందులు కూడా కావాల్సి రావచ్చు.

"చెప్పుకోడానికి ఫ్రెండ్స్ లేరా?" అంటారు. ఉన్నారు, ఉండాలి కూడా. కానీ వాడికీ రేపు మిడ్ ఉంటుంది, వాడి బాధలు వాడికుంటాయి. పైగా మనం చెప్పింది పక్క రూముకి పాకదన్న గ్యారంటీ లేదు. చికిత్సలో చెప్పుకున్న విషయాలు గోప్యంగా ఉంచాలని మాత్రం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

డబ్బుల్లేవా? కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి-మానస్ ఉంది. నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకు అక్కర్లేకపోవచ్చు, మీ రూమ్మేట్‌కి అవసరం పడొచ్చు. వాడు వెళ్లడానికి జంకితే తోడు వెళ్లండి. లోపల మాట్లాడేది వాడే, మనం బయట బెంచీ మీద కూర్చుంటే చాలు.