అతుకు కంటే ముందు పరీక్ష కావాలి

రోడ్డు మీద బండి ఆగితే ఆ పూట కిరాయి పోతుంది. ఇంజన్ హెడ్డు పగిలితే వారం రోజుల కిరాయి పోతుంది. అప్పు తెచ్చి వ్యాను, టాక్సీ కొనుక్కుని నడుపుకొనే వారికి వాయిదా మాత్రం ఆగదు. అందుకే పగిలిన హెడ్డును ఎలాగోలా అతికించి రెండో రోజుకే బండి రోడ్డెక్కించాలని తొందరపడతారు. నష్టమంతా ఆ తొందరలోనే ఉంది.

చాలా ట్రాక్టర్ల హెడ్లు బీడువి. కార్లు, చిన్న వ్యాన్లలో అల్యూమినియం హెడ్లు ఎక్కువ. అయస్కాంతం బీడుకు అంటుకుంటుంది, అల్యూమినియానికి అంటుకోదు. అల్యూమినియం తేలిక, వేడిని త్వరగా లాగేస్తుంది. కాని వేడెక్కినప్పుడు ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. రేడియేటర్‌లో నీరు అడుగంటినా, ఫ్యాను ఆగినా హెడ్డు వంగుతుంది, వాల్వుల మధ్య సన్నటి చోట పగులుతుంది.

ఈ లోహాన్ని అతకడం ఇనుమును అతికినంత సులువు కాదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. దాని పైనుండే సన్నని పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. పైగా ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఒక్కసారిగా జారిపోతుంది. అందుకే ఆర్గాన్ వెల్డింగ్ మేలు. నూనె, మసి పూర్తిగా కడగాలి. పగులును చివరి వరకు తొలిచి గాడి తీయాలి. హెడ్డు మొత్తాన్ని సమంగా వేడిచేసి అతకాలి, నిదానంగా చల్లారనివ్వాలి. నూనె మిగిలితే అతుకులో బుడగలు నిలుస్తాయి.

రేడియేటర్‌లో బుడగలు వచ్చినా, ఇంజన్ ఆయిలు పాలు కలిసినట్టు తెల్లబడినా హెడ్డు పగిలిందనే అనుకోనక్కరలేదు. గాస్కెట్ పోయినా ఇవే గుర్తులు. సైకిలు ట్యూబును నీళ్లలో ముంచి పంక్చరు చూసినట్టే, హెడ్డు నీటి దారులన్నీ మూసి, గాలి ఎక్కించి, వేడినీటి తొట్టిలో ముంచితే పగులు ఎక్కడుందో బుడగలే చెబుతాయి. ఈ పరీక్ష అతకడానికి ముందొకసారి, తరువాత ఒకసారి జరగాలి. అతికిన హెడ్డు వంగి ఉంటుంది కనుక ఫేసింగ్ చేయించాలి. వాల్వు సీట్లు చూడాలి. పాత గాస్కెట్ మళ్లీ వేయరాదు. బోల్టులు కంపెనీ చెప్పిన వరుసలో, చెప్పినంత బిగువుతోనే బిగించాలి.

అన్ని హెడ్లకూ అతుకు పనికిరాదు. బాగా కాలి మెత్తబడినవి, ఒకసారి అతికిన చోటే మళ్లీ పగిలినవి మార్చుకోవడమే లాభం. ఆ మాట ముందే చెప్పే మెకానిక్కే నిజమైన ఆప్తుడు.

ఇది చాలావరకు రాకుండా ఆపగల జబ్బు. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని దారులు పూడుకుపోతాయి. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి. వేడి ముల్లు పైకి పోతే బండి అక్కడే ఆపాలి. కాలిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించరాదు, రేడియేటర్ మూత తీయరాదు.

బాధ్యత బండి యజమానులదే కాదు. ఐటిఐల్లో వెల్డింగ్ నేర్చుకునే పిల్లలకు కొత్త రేకుల మీద అభ్యాసం చేయిస్తే చాలదు. నూనె పట్టిన పాత హెడ్లను అతికించి, తొట్టిలో ముంచి చూపించాలి. ఇలాంటి పరీక్ష తొట్టి పెట్టుకునే షెడ్లకు బ్యాంకులు రుణమివ్వాలి. యజమానులు కూడా పరీక్ష కళ్లారా చూశాకే డబ్బు చెల్లించాలి. అడిగేవారుంటే పని దానంతటదే బాగుపడుతుంది.