ఖాళీ బెంచీ ఖరీదు
మసాచుసెట్స్‌లో ఇల్లు కొనే మనవాళ్లు వాస్తు కన్నా ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ చూస్తారు. మంచి బడులున్న ఊళ్లో ఇల్లు కొనే స్తోమత లేనివాళ్లకు మరో దారి ఉంది: ఉన్నచోటే ఉంటూ పిల్లల్ని పక్క ఊరి ప్రభుత్వ బడికి పంపడం. సీట్లు మిగిలితేనే సుమా, దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ. మరి ఖర్చు? పిల్లాడి సొంత ఊరికి రాష్ట్రం ఇచ్చే గ్రాంటులో కోసి, చేర్చుకున్న ఊరికి ఇస్తారు. ప్రత్యేక విద్య అవసరమైన పిల్లల లెక్క వేరు. మిగతావాళ్లకు గరిష్ఠం 5,000 డాలర్లు. 1990ల నాటి అంకె అది. ఒక్కో విద్యార్థిపై సగటు ఖర్చు 20 వేలు దాటాక ఇంకా ఇదేం న్యాయం, పెంచండి అంటారు చాలామంది. నాకైతే పెంచకపోవడమే నయమనిపిస్తుంది. పాతికమంది పట్టే నాలుగో తరగతిలో ఇరవై ఇద్దరే ఉంటే, పక్క ఊరి నుంచి ముగ్గురొచ్చారని రెండో టీచర్ని పెట్టరు కదా! వచ్చిన 15 వేలు దాదాపు మిగులే. అటు ముగ్గుర్ని పోగొట్టుకున్న ఊళ్లో టీచరు జీతం తగ్గదు, బస్సు అదే రూటులో తిరుగుతుంది, చలికాలం హీటింగ్ బిల్లూ అంతే వస్తుంది. తలకు 20 వేలు చేసి చూడండి, కలిగిన ఊళ్లు పిల్లలకు వలేయడం మొదలుపెడతాయి. పైగా దింపి తెచ్చుకునే బాధ్యత సాధారణంగా తల్లిదండ్రులదే. అంటే వెళ్లేది కారూ తీరికా ఉన్నవాళ్ల పిల్లలు, కోత పడేది మిగిలినవాళ్ల బడికి. రాష్ట్రం దగ్గర అదనపు డబ్బుంటే ముందు పక్క ఊరి బడికెళ్లే పిల్లల బస్సు ఖర్చు భరించనీండి.