ఆ నారింజ పలుకులతో జాగ్రత్త!

మందుల కంపెనీ వదిలే వ్యర్థజలం ఎంత చెడిపోయిందో తేల్చడానికి చేసే పరీక్ష పేరు సీఓడీ. గాజు కుప్పెలో ఆ నీరు పోసి, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి, నారింజ రంగు పలుకులు కరిగించిన ద్రావణం చేర్చి రెండు గంటలు మరిగిస్తారు. నీటిలో మురికి ఎక్కువైతే ఆ రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ పలుకులే పొటాషియం డైక్రోమేట్. కాలుష్యాన్ని కొలవడానికి వాడే ఈ రసాయనమే ఒళ్లు గగుర్పొడిచే కాలుష్యం. అది హెక్సావలెంట్ క్రోమియం, అంటే క్రోమియం-6 సమ్మేళనం. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. మరి పరీక్ష ముగిశాక మిగిలిన ద్రావణం ఎక్కడికి పోతోంది? సింకులోకేనా? కుప్పెలు కడిగే హెల్పర్ చేతికి తొడుగు ఉందా? అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ప్రతి యాజమాన్యం ఈ రెండు ప్రశ్నలకూ ఈ వారమే జవాబు వెతుక్కోవాలి.

ఎందుకింత తొందర? మన దగ్గర ప్రమాదం అంటే పేలుడు, పొగ, పరుగులు తీసే జనం. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మందిని బలి తీసుకుంది. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అచ్యుతాపురంలో దుస్తులు కుట్టే మహిళలు విషవాయువు పీల్చి వాంతులతో కుప్పకూలారు. అది ఏ వాయువో తేల్చడానికే నమూనాలు ల్యాబులకు పంపాల్సి వచ్చింది. 2024 ఆగస్టు 21న అక్కడే ఎసెన్షియా కర్మాగారంలో ద్రావకం ఆవిరి లీకై పేలితే 17 మంది కార్మికులు పోయారు. ప్రతిసారీ మంత్రులు వచ్చారు, కమిటీలు వేశారు, పరిహారం ప్రకటించారు. క్రోమియం-6 మాత్రం సాధారణంగా ఇలా వార్తలకెక్కదు. ఇవాళ పీల్చిన ధూళి ఇరవై ఏళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరై బయటపడితే, దాన్ని కర్మాగారంతో ముడిపెట్టేవాళ్లు ఎవరు? అప్పటికి కాంట్రాక్టరు మారిపోతాడు, కంపెనీ పేరు మారిపోతుంది, కార్మికుడు శ్రీకాకుళంలోనో ఒడిశాలోనో సొంతూరు చేరుకుంటాడు. ఈ విషాన్ని ముందే లెక్కలోకి తీసుకోకపోతే తర్వాత లెక్కే ఉండదు.

క్రోమియం అనగానే హడలిపోనక్కర్లేదు. వంటింటి స్టీలు గిన్నెలో ఉన్నదీ క్రోమియమే, దానితో భయం లేదు. ప్రకృతిలో ఎక్కువగా దొరికే క్రోమియం-3 శరీరంలోకి అంత తేలిగ్గా ఇంకదు. ప్రమాదమంతా క్రోమియం-6తోనే. సోడియం డైక్రోమేట్, పొటాషియం డైక్రోమేట్, క్రోమిక్ యాసిడ్ అని పిలిచే ముదురు ఎరుపు క్రోమియం ట్రయాక్సైడ్, తుప్పు పట్టకుండా ఇనుముకు వేసే పసుపు జింక్ క్రోమేట్ ప్రైమర్, ఇవన్నీ ఆ కోవలోవే. నీటిలో కరిగిన క్రోమేట్ చూడ్డానికి మన కణాలకు కావలసిన సల్ఫేట్‌లాగే ఉంటుంది. అందుకే చుట్టం వేషంలో వచ్చిన దొంగలా కణం తలుపు తీయించుకుని లోపలికి వెళుతుంది. వెళ్లాక క్రోమియం-3గా మారుతూ, ఆ మారే క్రమంలో డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 1990లోనే దీన్ని మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కారకమని తేలిన వాటిలో చేర్చింది.

క్యాన్సర్ కంటే చాలా ముందే ముక్కు చెబుతుంది. క్రోమేట్ ధూళి, క్రోమిక్ యాసిడ్ తుంపర పీల్చేవారికి మొదట తుమ్ములు, ముక్కులో మంట, తర్వాత పక్కు కట్టడం, అప్పుడప్పుడు నెత్తురు. కొన్నాళ్లకు రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడకు పుండు పడి, చివరకు చిల్లు పడుతుంది. ఆ చిల్లు చాలామందికి నొప్పే పుట్టించదు. ఊపిరి తీసినప్పుడు ఈల వినిపించడం, వాసన తెలియకపోవడం తప్ప మరో గుర్తు ఉండకపోవచ్చు. పడిశం అనుకుని చుక్కల మందు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోతారు. చేతి మీద చిన్న గీత ఉన్నచోట క్రోమేట్ పడితే అంచులు గట్టిపడి, లోతుగా, గుండ్రంగా పుండు పడుతుంది. అది మానడానికి వారాలు పడుతుంది. ఒకసారి చర్మానికి క్రోమియంతో అలర్జీ వచ్చిందంటే, ఆ తర్వాత కొంచెం తగిలినా దురద, పగుళ్లు వస్తాయి. తాపీ మేస్త్రీల చేతులు సిమెంటు వల్ల అలా చెడిపోవడానికి ఒక కారణం సిమెంటులో ఉండే కొద్దిపాటి క్రోమియం-6. ఐరోపా దేశాలు 2005 నుంచి సిమెంటులో దాన్ని పది లక్షల్లో రెండు భాగాలు మించకుండా కట్టడి చేశాయి.

ఒంటి మీద క్రోమిక్ యాసిడ్ ఒలికితే అది మామూలు యాసిడ్ కాలిన గాయం అనుకోవద్దు. చర్మం గుండా క్రోమియం రక్తంలోకి చేరి మూత్రపిండాలను పడగొడుతుంది. గాయం చిన్నదిగా కనిపించినా ఒకటి రెండు రోజుల్లో మూత్రం తగ్గి ప్రాణం మీదికి రావచ్చు. మింగితే కడుపులో మంట, నెత్తురు వాంతులు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం. దీనికి ఇంటి వైద్యం లేదు.

అచ్యుతాపురంలో దీనికి ఇంకో ముప్పు తోడవుతుంది. క్రోమియం ట్రయాక్సైడ్ తానుగా మండదు, ఎదుటిదాన్ని మండిస్తుంది. ఆల్కహాల్, అసిటోన్ వంటి ద్రావకాలు దానికి తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటాయి. మందుల కర్మాగారం అంటే ద్రావకాల గోడౌనే. అలాంటిచోట క్రోమిక్ యాసిడ్ డబ్బాను అసిటోన్ డ్రమ్ము పక్కన పెట్టడం, ఒలికినదాన్ని గుడ్డతోనో రంపపు పొట్టుతోనో తుడిచి చెత్తబుట్టలో పడేయడం చేజేతులా మంట పెట్టుకోవడమే.

ల్యాబు దాటి బయటికొస్తే, ఈ విషం ఎక్కువగా చేరేది బహుశా వెల్డర్ల ఊపిరితిత్తుల్లోకే. మందుల కర్మాగారంలో రియాక్టర్లు, పైపులు, ట్యాంకులు చాలామటుకు స్టెయిన్‌లెస్ స్టీలువే. 316 రకం స్టీలులో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది. గిన్నెగా ఉన్నంతకాలం దానితో హాని లేదు. వెల్డింగ్ వేడికి అది ఆవిరై గాలితో కలిసినప్పుడు కొంత క్రోమియం-6గా మారి పొగలో తేలుతుంది. ఆర్గాన్ వెల్డింగ్ కంటే రాడ్డు వెల్డింగ్‌లో పొగ ఎక్కువ. ట్యాంకు లోపల కూర్చుని చేస్తే ఆ పొగకు బయటికి దారే ఉండదు. వెల్డింగ్ పొగను ఐఏఆర్‌సీ 2017లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోకి మార్చింది. షట్‌డౌన్ పనికి వారం రోజులకు వచ్చే కాంట్రాక్టు వెల్డరుకు ఈ సంగతి ఎవరు చెప్పారు? ముఖానికి చుట్టుకున్న తువ్వాలు ఆ పొగను ఆపదు. విశాఖలో పాత ఓడలకు, ఇనుప కట్టడాలకు పసుపు ప్రైమర్ గోకే పెయింటర్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఇక నేల, నీరు. క్రోమియం మన ప్రాంతానికి పరాయిది కాదు. గరివిడిలో ఫెర్రో క్రోమ్ తయారైంది. పరవాడ ఫార్మా సిటీలో క్రోమియం రసాయనాలు తయారుచేసే కర్మాగారం ఉంది. ఇలాంటి సరుకును, దాని వ్యర్థాన్ని ఏమరుపాటుగా వదిలేస్తే ఏమవుతుందో తెలియాలంటే చిత్తూరు నుంచి అలా సరిహద్దు దాటి రాణిపేట దాకా వెళితే చాలు. అక్కడ తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ కర్మాగారం 1970ల నడుమ మొదలై 1990ల నడుమ మూతపడింది. ఆవరణలో లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థాన్ని గుట్టగా వదిలిపోయింది. ఆ గుట్ట మీద కురిసిన వాన పసుపు నీరై పారింది, భూగర్భంలోకి దిగింది. ఉత్పత్తి ఆగిపోయినా విషం ఊరడం ఆగలేదు. అమెరికాలో హింక్లీ అనే చిన్న ఊరిది ఇంకో కథ. గ్యాస్ పైప్‌లైన్ కంపెనీ తన కూలింగ్ టవర్లు తుప్పు పట్టకుండా 1952 నుంచి 1966 వరకు క్రోమియం-6 వాడి, ఆ నీటిని గుంతల్లోకి వదిలింది. ఊరి బావులు చెడ్డాయి. 1996లో ఆ కంపెనీ 33.3 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. డబ్బు వచ్చింది కానీ, నీరు మాత్రం దశాబ్దాలు గడిచినా పూర్తిగా బాగుపడలేదు.

అచ్యుతాపురం, రాంబిల్లి బావుల మీద లేనిపోని పుకారు పుట్టించడానికి చెబుతున్న మాట కాదిది. పరీక్ష చేయించి ఫలితం గ్రామ సచివాలయం గోడకు అంటించండి అన్నదే డిమాండ్. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. ఆ మోతాదులో నీటికి రంగుండదు, వాసనుండదు. నీరు పసుపు తిరిగేసరికే హద్దు ఎన్నో రెట్లు దాటిపోయి ఉంటుంది. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా పోదు. అనుమానం ఉన్న బావినీరు తాగడం, వంటకు వాడడం మానేయడం, ల్యాబులో పరీక్ష చేయించడం తప్ప మార్గం లేదు. డైఫినైల్ కార్బజైడ్ అనే రసాయనం కలిపితే క్రోమియం-6 ఉన్న నీరు గులాబీ, ఊదా రంగుకు మారుతుంది. ఇది జిల్లా స్థాయిలో చేయలేనంత పెద్ద పరీక్షేమీ కాదు.

మన ప్రమాణాల సంగతీ చూడండి. పాత ఫ్యాక్టరీల చట్టం పట్టికలో పనిచేసే చోట గాలిలో క్రోమేట్లకు ఇచ్చిన హద్దు ఘనపు మీటరుకు 0.05 మిల్లీగ్రాములు. అమెరికా 2006లో పెట్టుకున్న హద్దు ఇందులో పదో వంతు. పర్యావరణ నిబంధనల ప్రకారం నదులు, వాగుల్లోకి వదిలే వ్యర్థజలంలో క్రోమియం-6 లీటరుకు 0.1 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రంలోకి వదిలేదానికి పదింతలు, అంటే 1 మిల్లీగ్రాము దాకా వెసులుబాటు. పూడిమడక తీరంలో వల వేసేవాడికి ఈ తేడా ఎందుకో ఎవరైనా నచ్చజెప్పగలరా?

ఇప్పుడు ఎవరేం చేయాలో తెగేసి చెప్పుకుందాం.

కార్మికులారా, నారింజ, ముదురు ఎరుపు, పసుపు రసాయనం ఏది కనిపించినా పేరు అడగండి. క్రోమేట్, డైక్రోమేట్, క్రోమిక్ అన్న మాట ఉంటే ఒట్టి చేత్తో ముట్టొద్దు. ధూళిని పొడి చీపురుతో ఊడ్వొద్దు, తడి చేసి తీయాలి. గుడ్డ మాస్కు చాలదు, ధూళిని ఆపే ఫిల్టరున్న మాస్కు అడిగి తీసుకోండి. చేతులు కడక్కుండా బీడీ, ఖైనీ, టిఫిన్ జోలికి పోవద్దు. డ్యూటీ బట్టలు ఇంటికి తేవద్దు, అవి ఉతికేది ఇంట్లో ఆడవాళ్లు, పక్కన ఆడుకునేది పిల్లలు. ఒంటి మీద పడితే బట్టలు విప్పేసి కనీసం పావుగంట పారే నీటితో కడిగి, గాయం ఎంత చిన్నదైనా ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో పడినా అంతే. మింగితే వాంతి చేయించొద్దు, 108కి ఫోన్ చేయండి. డ్రమ్ము మీది లేబుల్ ఫొటో తీసి డాక్టరుకు చూపండి. ముక్కు నుంచి నెత్తురు వస్తుంటే ఈఎస్ఐ డాక్టరుకు రోగం ఒక్కటే కాదు, మీరు చేసే పని కూడా చెప్పండి. క్రోమ్ పుండ్లు చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితాలో ఉన్నాయి. క్రోమియం వల్ల వచ్చే జబ్బులు ఉద్యోగులకు నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల పట్టికలో ఉన్నాయి. చీటీ మీద ఆ మాట పడితేనే రేపు హక్కు నిలుస్తుంది.

యాజమాన్యాలు ముందు చేయాల్సింది వాడకం తగ్గించడం. గాజుసామాను కడగడానికి క్రోమిక్ యాసిడ్ అక్కర్లేదు, దానికి బదులు వాడదగ్గ ద్రావణాలు ఎప్పటినుంచో ఉన్నాయి. సీఓడీ పరీక్ష తక్కువ పరిమాణంలో చేసే పద్ధతులూ ఉన్నాయి. మిగిలిన ద్రావణంలోని క్రోమియం-6ను సోడియం బైసల్ఫైట్‌తోనో ఫెర్రస్ సల్ఫేట్‌తోనో క్రోమియం-3గా మార్చి, సున్నంతో అడుక్కి దింపి, ఆ బురదను ప్రమాదకర వ్యర్థంగానే పంపాలి. అందులో పాదరసం కూడా ఉంటుంది కాబట్టి సింకు మాటే తలపెట్టకూడదు. వెల్డింగ్ జరిగేచోట పొగ లాగేసే గొట్టం పెట్టాలి. ఈ పనుల్లో ఉన్నవాళ్లందరికీ, కాంట్రాక్టు వాళ్లతో సహా, ముక్కు, చర్మం, మూత్రపిండాల పరీక్ష చేయించి కాగితం వాళ్ల చేతికివ్వాలి.

ప్రభుత్వానికి, కాలుష్య నియంత్రణ మండలికి, ఫ్యాక్టరీల శాఖకు చెప్పేది ఒకటే. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ఏ ప్రమాదకర పదార్థం వాడుతున్నారో కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు చెప్పి తీరాలని రాశారు. చట్టాల పేర్లు మారినంత మాత్రాన ఆ బాధ్యత చెల్లిపోదు. కాబట్టి అచ్యుతాపురం, పరవాడ పరిశ్రమల్లో క్రోమియం-6 ఎవరి దగ్గర, ఎన్ని కిలోలు ఉందో తెలుగులో జాబితా ప్రకటించండి. ఆ జాబితా అనకాపల్లి జిల్లా ఆసుపత్రికి, విశాఖ కేజీహెచ్‌కు, అగ్నిమాపక కేంద్రాలకు ముందే చేర్చండి. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సెజ్ చుట్టూ బావులు, బోర్ల నీటిని పరీక్షించండి. 2022లో స్పృహ తప్పిన ఆడపిల్లలను ఆసుపత్రులకు చేర్చాక ఏ విషానికి వైద్యం చేయాలో వెతుక్కున్న దుస్థితి మళ్లీ రాకూడదు. క్రోమియం-6 పేరు మనకు ముందే తెలుసు, గుణం తెలుసు, విరుగుడు పద్ధతీ తెలుసు. ఇంత తెలిసీ ఒక్క కార్మికుడి ముక్కుకు చిల్లు పడితే దాన్ని ప్రమాదం అనే అర్హత ఎవరికీ లేదు. అది నేరమే.