జాలి ఒక్కటే చాలదు

ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థి ఫీల్డ్ వర్క్ కోసం బస్తీలో అడుగుపెట్టగానే ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఒకటే: ''ఇంతకీ మీరు మాకేం ఇస్తారు?'' రేషన్ కార్డు, పింఛను, ఇంటి స్థలం... ఏదీ ఇప్పించే అధికారం అతనికి లేదు. ఆ మాట ఒప్పుకుని, మరుసటి వారం మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడాలి. క్లాసులో ఫస్టు వచ్చేవాళ్లు కూడా తడబడేది ఇక్కడే.

దేశంలో ఈ చదువు పుట్టిందే బస్తీలకు దగ్గరగా. 1936లో బొంబాయిలో మొదలైన స్కూలుకు (నేటి టిస్) తొలి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అంతకుముందు నాగ్‌పాడాలో నైబర్‌హుడ్ హౌస్ నడిపిన మనిషి. ఇప్పటికీ చాలా కాలేజీల్లో వారానికి రెండు రోజులు ఫీల్డ్‌కే కేటాయిస్తారు.

అక్కడ నెగ్గుకురావడానికి జాలి గుండె ఉంటే చాలనుకోవడం పొరపాటు. తొందరపడి మాటిచ్చేది ఆ జాలే. ఒంటరి మహిళ గోడు విని, ''వచ్చే నెలకల్లా పింఛను వచ్చేలా చూస్తానమ్మా'' అనేస్తారు. ఫైలు మాత్రం తన తీరిక కొద్దీ కదులుతుంది. ఈలోగా పరీక్షలొస్తాయి, విద్యార్థి వెళ్లిపోతాడు. మరుసటి ఏడు వచ్చిన బ్యాచ్‌కి వినిపించేది ఒకటే: ''పోయినేడాది అబ్బాయి కూడా ఇలాగే రాసుకుపోయాడు.'' భావోద్వేగం ఉండాలి కానీ అదుపులో ఉండాలని ఫెలిక్స్ బీస్టెక్ 1957లోనే సూత్రీకరించారు. పరీక్షలో అది ఐదు మార్కుల ప్రశ్న. బస్తీలో అదే అసలు పరీక్ష.

రెండోది నిజాయితీ, ముఖ్యంగా రిపోర్టులో. తాగొచ్చి భార్యను కొట్టిన భర్తతో మాట్లాడుతూ తనకు కోపం ఆగలేదని రాసుకున్న విద్యార్థికి సూపర్‌వైజర్ నేర్పగలిగింది ఎంతో ఉంటుంది. 'కౌన్సెలింగ్ ఇచ్చాను' అని ముక్తసరిగా ముగించినవాడికి నేర్పేదేముంటుంది? (పేజీలు లెక్కపెట్టి మార్కులేసే సూపర్‌వైజర్లకూ ఇందులో వాటా ఉంది.)

ఇక ఓపిగ్గా వినడం. టిస్ అధ్యాపకురాలు జెరూ బిల్లిమోరియా తన ఫోన్ నంబరు వీధి బాలలకిస్తే వేళాపాళా లేకుండా ఫోన్లొచ్చేవి. 1996లో మొదలైన చైల్డ్‌లైన్ 1098కి బీజం అదే. 2023లో ఆ సేవ ప్రభుత్వ యంత్రాంగంలో కలిసినా నంబరు మారలేదు.

తెలివైన విద్యార్థి తాను ఎప్పుడు వెళ్లిపోతాడో మొదటి వారంలోనే చెప్పేస్తాడు. వెళ్లేటప్పుడు, ఎవరి దరఖాస్తు ఏ ఆఫీసులో, ఏ బల్ల మీద ఆగిందో రాసిన నోట్‌బుక్కును తర్వాతి బ్యాచ్‌కి అప్పజెబుతాడు.