పలక పట్టించే ముందు మనమేం నేర్చుకోవాలి?

పదిమందిని భోజనానికి పిలిస్తే ముందురోజు నుంచే పప్పులు ఏరుకుంటాం, పొడులు కొట్టుకుంటాం. మరి పదిమందికి చదువు చెప్పడానికి బయల్దేరే అమ్మాయికి ఏ తయారీ అక్కర్లేదా? "సేవే గదా, మంచి మనసుంటే చాలు" అంటుంటారు. మంచి మనసు ఉప్పులాంటిదండీ. అది లేకపోతే రుచి లేదు, కానీ ఉప్పొక్కటే వేస్తే కూర అయిపోదు.

ఈ మాట మన నెల్లూరు జిల్లా పడమటి మెట్ట వాళ్ళకు బాగా తెలుసు. ఉదయగిరి అంటే చెక్క గరిటెలు, ఆత్మకూరు అంటే పక్కనున్న సోమశిల ఆనకట్ట గుర్తొస్తాయి గానీ, ఈ వైపు పల్లెలు చూపించిన అసలు గొప్పతనం ఇంకొకటుంది. 1991 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. ఆ ఏడాదే మన జిల్లాలో "అక్షరదీపం" పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. చదువు చెప్పినవాళ్ళు వాలంటీర్లు, అంటే జీతం లేని పంతుళ్ళు. చాలామంది ఆ ఊళ్ళ పిల్లలే.

వాళ్ళను ఊరికే పంపలేదు. ముందు కొద్దిమంది బాగా నేర్చుకున్నారు. వాళ్ళు మరికొందరికి నేర్పారు, ఆ కొందరు ఊళ్ళల్లో వాలంటీర్లకు నేర్పారు. అత్తగారు పెద్దకోడలికి, పెద్దకోడలు తోడికోడలికి ఆవకాయ కొలతలు చెప్పినట్టన్నమాట. ఒక్కొక్కరి కింద సుమారు పదిమంది, మూడు వాచకాలు, మొత్తం దాదాపు 200 గంటల చదువు. అదీ లెక్క.

చెప్పే పద్ధతి కూడా వేరు. పెద్దవాళ్ళకు "అ ఆ"ల దగ్గర మొదలుపెడితే విసుగు. అందుకని తెలిసిన మాట దగ్గర మొదలుపెట్టేవారు. "పలక" అనే మాట తీసుకోండి. మూడక్షరాలు. అవి వచ్చాయంటే "కల" వచ్చినట్టే, "కలప" వచ్చినట్టే. మొదటిరోజే మూడు మాటలు చదివిన మనిషి రెండోరోజు తప్పకుండా వస్తుంది!

ఇక కళాజాతలు. పాటలు, నాటికలతో ఊరూరా తిరిగేవారు. ఆ బృందాలకూ శిక్షణే. ఎందుకంటే పగలంతా చేలో ఒంగి పనిచేసి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, అందరికీ పెట్టాక గదా ఆడమనిషికి తీరిక! అప్పుడు పలక పట్టుకోవాలంటే ఆమెకు దాంట్లో తన బతుకు కనపడాలి. వాచకాల్లో కూలీ గురించి, సారా గురించి ఉండేది అందుకే. సారా వల్ల చితికిన ఇంటి గురించి చెప్పే "సీతమ్మ కథ" అలాంటి పాఠమే.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. రోశమ్మగారి పేరు దేశమంతా మోగింది. ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన పూర్తి మద్యనిషేధాన్ని 1997లో సడలించారు, అది వేరే బాధ. కానీ రాత్రిపూట ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం అలవాటయింది గనకే ఆడవాళ్ళు ఒక్కటిగా నిలబడగలిగారు.

ఇది మన జిల్లా సంగతే కాదు. అమెరికావాళ్ళు 1961లో "పీస్ కోర్" అనే సంస్థ పెట్టారు. ఆఫ్రికా ఖండంలో దక్షిణాన ఉన్న బోట్స్వానా, జాంబియా లాంటి దేశాలకు వాలంటీర్లను రెండేళ్ళ పనికి పంపారు. దిగగానే పని ఇవ్వరు. సుమారు మూడు నెలలు అక్కడి ఒక కుటుంబంలో ఉంచి భాష, తిండి, మర్యాదలు నేర్పిస్తారు. అంటే చూడండి, కాలేజీ చదువు చదివి వచ్చిన పిల్లలకు మొదటి గురువు అక్కడి ఇల్లాలే! నీళ్ళు ఎలా వాడుకోవాలో, పెద్దలకు నమస్కారం ఎలా పెట్టాలో ఆమె చూపించాకే వాళ్ళు ఇంకొకరికి ఏదైనా చెప్పడానికి పనికొస్తారు.

ఇప్పుడు మన వంతు. 2022 నుంచి 2027 వరకు "ఉల్లాస్" అనే కేంద్ర పథకం ఉంది. 15 ఏళ్ళు దాటి చదువురాని వాళ్ళకు చదువు చెప్పేది ఇందులోనూ వాలంటీర్లే. పదో తరగతో, ఇంటరో చదివి ఇంట్లో ఉన్న మనలాంటివాళ్ళం చేయలేని పనా? పథకంలో చేరకపోయినా, ఎదురింటి అత్తకో, మన ఇంటికి పనికొచ్చే అక్కకో నేర్పచ్చు. కాకపోతే ముందు ఈ తయారీ చేసుకోండి.

టైము ఆమెనే చెప్పమనండి. మన సీరియల్ అయ్యాక కాదు, ఆమె పని అయ్యాక.

కూర్చోవడం సమానంగా ఉండాలి. మీరు కుర్చీలో, ఆమె కింద కూర్చుంటే చదువు సాగదు.

నలభై దాటిన మనిషి అయితే ముందు కళ్ళు చూపించండి. అక్షరం ఆనక "నాకు బుర్ర లేదమ్మా" అనుకుని మానేసేవాళ్ళు ఉంటారు. కళ్ళజోడుతో తీరిపోయే సంగతది.

మొదటి మాట ఆమె పేరు. తర్వాత పిల్లల పేర్లు, బస్సు బోర్డు, రేషన్ కార్డు, మాత్రల అట్ట మీద గడువు తేదీ.

తప్పు రాస్తే ఆమె కోడలి ముందో, పిల్లల ముందో దిద్దకండి. ఒక్కసారి నవ్వితే ఆ మనిషి మళ్ళీ గడప తొక్కదు.

వచ్చిన చదువు వాడకపోతే తుప్పు పడుతుంది. వాచకం అయిపోయాక కూడా వారానికోసారి ఏదైనా చదివించండి. ఈ పేజీల్లో వంటకమైనా సరే.

ఇక తల్లులకొక మాట. మీ అమ్మాయి "వాలంటీరుగా వెళ్తానమ్మా" అంటే, "ఇంట్లో పని ఎవరు చేస్తారు, ఊళ్ళో ఏమంటారు" అని ముందే కొట్టిపారేయకండి. ఎక్కడ చెప్పాలి, తోడెవరు, రాత్రి ఇంటికి ఎవరు దించుతారు, శిక్షణ ఎన్నాళ్ళు ఇస్తారు అని అడగండి. దేనికీ సరైన జవాబు లేకపోతే ఆగమనండి, అందులో తప్పులేదు. జవాబులు బాగుంటే మాత్రం ఆ సాయంత్రం అంట్లు అబ్బాయి చేత తోమించి అమ్మాయిని పంపండి. ఆ రోజుల్లో మెట్ట పల్లెల్లో వాలంటీరుగా వెళ్ళిన ప్రతి ఆడపిల్ల వెనకా ఎవరో ఒకరు ఆమె ఇంటిపని పంచుకునే ఉంటారు. వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు గానీ, ఆ పంచుకోవడం లేకపోతే ఆ పలకలూ లేవు.