రెండు వందల గుర్రాల బండి

"ఏమోయ్, ఓపాలొచ్చి వెళ్ళు. మా ఇంట్లో గుర్రాల తగువొచ్చి పడింది" అని అనకాపల్లి నుంచి మా బావ ఫోను చేశాడు. బావది బెల్లం వ్యాపారం. ఆ ఇంటి పెరట్లో ఒకప్పుడు ఎడ్లని చూశాను గాని గుర్రాన్ని ఏనాడూ చూసిన పాపాన పోలేదు. సంక్రాంతి వెళ్ళిన వారం. చెరుకు నరికి గానుగలకు తోలే రోజులు. సంగతేమిటో చూద్దామని బయలుదేరాను.

తీరా వెళితే ఆ గుర్రాలు కారు ఇంజను లోపలివి! మా మేనల్లుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. రానూ పోనూ రోజుకి నలభై కిలోమీటర్ల పైమాట. వాడికి ఎస్.యు.వి. కావాలిట. అదీ రెండు వందల అశ్వశక్తికి ఒక్కటి తగ్గకూడదుట. బావ వొప్పుకోడు.

"నీ ఈడున అరవై గుర్రాల జీపులో పాడేరు ఘాటీ ఎక్కీసినోణ్ణిరా నేను. లోపల పదిహేనుమంది, బానెట్టు మీద ఇద్దరు. ఎక్కలేదేటి? నాకెందుకురా అన్ని గుర్రాలు?"

"నీకు కాదు నాన్నా, నాకు" అంటాడు వాడు.

చోడవరం వైపు అరెకరం అమ్మిన డబ్బు పాతిక లక్షలు బ్యాంకులో వుంది. ఆ డబ్బులోనే మా మేనకోడలి పై చదువు కూడా వుంది. ఆ పిల్ల ఈ తగువులో నోరెత్తలేదు. గుమ్మానికి ఆనుకుని వింటోంది. నన్ను పిలిపించడానికి అసలు కారణం ఆ పిల్లేనని నాకు అప్పుడే అనిపించింది.

మేనల్లుడు కంపెనీల పుస్తకాలన్నీ బల్లమీద పరిచాడు. 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ 700కి పెట్రోలైతే 200, డీజిలైతే 185 గుర్రాలు. 2022 నాటి స్కార్పియో-ఎన్ పెట్రోలుది 203. దాని డీజిల్లో పెద్దరకం 175, చిన్నరకం 132. టయోటా ఫార్చ్యూనర్ 2.8 లీటర్ల డీజిలు 204. దాని ధర ముప్పై లక్షలు దాటినదే గనక, దాన్ని చూసి దణ్ణం పెట్టి పక్కకు పెట్టాం. లాంబోర్గినీ ఉరుస్ అని ఇటలీ వారిది ఒకటుంది, 2018లో మన దేశానికి మూడు కోట్లకు వచ్చింది, 650 గుర్రాలు, గంటకు 305 కిలోమీటర్లు. దాని బొమ్మ కూడా వాడి దగ్గర వుంది. దేవుడి పటాల పక్కన లేదు, అంతవరకు మేలు.

బావ మాట కొట్టివెయ్యదగ్గది కాదు. మహీంద్రావారు 1947లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టినవి విల్లీస్ జీపులు. యుద్ధకాలపు విల్లీస్‌కి వున్నవి అచ్చంగా అరవై గుర్రాలే. మరి ఘాటీలెలా ఎక్కింది? నేనొక కాగితం, పెన్సిలూ తీసుకుని కూర్చున్నాను.

మనుషులతో కలిపి బండి బరువు రెండు వేల రెండు వందల కిలోలు అనుకుందాం. పదిహేను అడుగులు ముందుకు పోతే ఒక అడుగు లేచే ఎత్తు. గంటకు నలభై కిలోమీటర్ల వేగం. లెక్క కడితే, చక్రాల రాపిడితో సహా, కావలసినవి ముప్పై గుర్రాల లోపే! సరే, చదునైన హైవే మీద గంటకు వంద చొప్పున పోతే? గాలిని చీల్చడానికీ, టైర్ల రాపిడికీ కలిపి మళ్ళీ ఆ ముప్పై ప్రాంతమే. 2018 నోటిఫికేషను ప్రకారం నాలుగు లైన్ల హైవే మీద కార్లకి గరిష్ఠవేగం ఆ వందే. మేనల్లుడి మొహం వాడిపోయింది. బావ మీసం మీద చెయ్యి వేశాడు.

"తొందరపడకు బావా, ఇంకా వుంది" అన్నాను.

నడవడానికి ముప్పై చాలు. దాటడానికి చాలవు. ముందు లారీ నలభై మీద పోతోంది. దాన్ని దాటడానికి మనం నలభై నుంచి ఎనభైకి అయిదు సెకన్లలో అందుకోవాలి. రెండు టన్నుల బండికి అందుకోవడానికే వంద గుర్రాలు, రోడ్డు ఖర్చుకి మరో ఇరవై. నాలుగు సెకన్లలోనే కావాలంటారా, ఇంకో పాతిక. అంటే పాతిక గుర్రాలు ఒక సెకండు ఖరీదు. ఎదర నుంచి బస్సు వస్తూంటే ఆ సెకండు విలువైనదే, కాదనను.

ఇక టార్కు. ఇరుసును మెలిపెట్టి తిప్పే బలం. దాన్ని ఇంజను చుట్లతో గుణిస్తే వచ్చేదే అశ్వశక్తి. ఇందాక చెప్పిన 200 గుర్రాల పెట్రోలు ఇంజను ఆ రెండు వందలూ చూపించేది నిమిషానికి అయిదు వేల చుట్ల దగ్గర. అంత అరుపు మన ఊళ్ళో ఎవరు పెడతారు? అదే కంపెనీ 185 గుర్రాల డీజిలు 1600 చుట్లకే 420 న్యూటన్ మీటర్ల బలం ఇస్తుంది. జనం ఎక్కి కూర్చున్నాక ఘాటీలో పనికొచ్చేది ఈ అడుగు బలం. పాత జీపుకి ఇందులో మూడోవంతే వుండేది. ఆ లోటు చిన్న గేర్లు తీర్చేవి. మెల్లిగా పోయేది గాని ఆగేది కాదు.

కాగితం మీద లెక్క కాగితం మీదే వుంటుంది. మర్నాడు రెండు బళ్ళు అరువు తెచ్చుకుని పాడేరు బయలుదేరాం. ఒకటి రెండు వందల గుర్రాల పెట్రోలుది, రెండోది నిచ్చెనలాంటి చట్రం మీద కట్టిన డీజిలుది. ఎవరివో, ఏ కంపెనీవో చెప్పను. ఇచ్చినవారు మొహమాటపడతారు. పెట్రోలు బండి మేనల్లుడు తోలాడు. నేను వాడి పక్కన, బావా అప్పా వెనక. డీజిలుది బావ స్నేహితుడు తోలుకొచ్చాడు.

చోడవరం దాటి వడ్డాది వైపు పోతున్నాం. ముందు చెరుకు ట్రాక్టరు. బండికి రెండు పక్కలా చెరుకు బారలు చాచి వుంది. మేనల్లుడు కుడికి తీసి కాలు నొక్కాడు. నిజం చెప్పాలి, బండి లేడిపిల్లలాగా ఎగిరింది. ఒక్క గుక్కలో ట్రాక్టరు వెనకపడింది. కాని దాని ముందు, దానికి ఆనుకుని, ఇంకో చెరుకు ట్రాక్టరు వుంది. అది మాకు కనపడలేదు. ఎదర మోటారు సైకిలు మీద మొగుడూ పెళ్ళాం, మధ్యన చంటిపిల్ల. బ్రేకు కీచుమంది. రెండు ట్రాక్టర్ల నడుమ సందులో దూరాం. చెరుకు ఆకులు అద్దాన్ని బరబర గీసుకుంటూ పోయాయి. మోటారు సైకిలతను తిట్టలేదు. వెనక్కి తిరిగి చూశాడు, అంతే.

మాడుగుల వచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు. అక్కడ హల్వా కొట్టు ముందు ఆపి, అందరం కొంచెం కొంచెం తిన్నాం. మేనల్లుడు తినలేదు. బావ వాణ్ణి ఏమీ అనలేదు. "నీ గుర్రాలు మంచివేరా" అన్నాడు చివరికి. "వోటి పోనిచ్చి రెండోది సూసుకోడానికి పది సెకన్లు ఎనకాల ఆగుంటే, ఏ గుర్రమూ అక్కర్లేకపోను."

ఘాటీలో రెండు బళ్ళూ హాయిగా ఎక్కాయి. మోదమాంబ పాదాల దగ్గర ఆగి దణ్ణం పెట్టుకున్నాం. ఎక్కడంలో తేడా వుందా అంటే, మలుపు తిరిగాక డీజిలు గేరు మార్చకుండా లాగింది, పెట్రోలు ఒక గేరు దిగి లాగింది. దిగేటప్పుడు ఎత్తయిన డీజిలు బండి మలుపుల్లో కొంచెం వొరిగినట్టనిపించింది. పొలం గట్లంట, రాళ్ళ దారుల్లో తిరిగేవాడికి నిచ్చెన చట్రం మొండిది, మంచిది. మావాడు తిరిగేది తారురోడ్డు.

అసలు పరీక్ష పాడేరులో జరిగింది. తిరుగు ప్రయాణానికి మా అప్పని డీజిలు బండిలో ఎక్కమన్నాం. అప్పకి మోకాళ్ళ నొప్పులు. పట్టీ పట్టుకుంది, కాలెత్తింది, దించేసింది. మళ్ళీ ఎత్తింది. ఆ చట్రం మీద కట్టిన బళ్ళన్నీ ఎత్తేగదా! పక్కన టీ కొట్టువాడు పరుగెత్తుకొచ్చి పీట వేస్తే ఎక్కింది. "ఈ పీటకి కూడా ధర కలిపి చెప్పండి" అంది. ఇంతమందిమి గుర్రాలు లెక్కపెడుతున్నాం గాని, ఆ గుమ్మం ఎత్తు కొలిచినవాడు ఒక్కడూ లేడు.

ఇంటికొచ్చాక ఖర్చు లెక్క వేశాం. ఏడాదికి పదిహేను వేల కిలోమీటర్లు. పెద్ద పెట్రోలు ఇంజను లీటరుకి పది, డీజిలు పద్నాలుగు ఇస్తాయనుకుందాం. 2025లో మన విశాఖ ప్రాంతంలో పెట్రోలు 108 రూపాయలకి, డీజిలు 96కి కాస్త అటూ ఇటూ. తేడా ఏడాదికి అరవై వేలకి దగ్గర. అలాగని అందరూ డీజిలుకి ఎగబడనక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 డీజిలు బళ్ళకి పొగ గొట్టంలో మసి పట్టే జల్లెడ వుంటుంది. బండి కొంతసేపు వేడిగా పరుగెత్తితేనే ఆ మసి కాలుతుంది. ఇంటి నుంచి బెల్లం మార్కెట్టుకీ, మార్కెట్టు నుంచి ఇంటికీ తిప్పే బావలాంటివారికి జల్లెడ పూడుకుపోతుంది. బావ ఎలాగూ స్కూటరు వదలడు.

పన్నుల్లో పూర్వపు తేడా ఇప్పుడు లేదు. లోగడ 1500 సి.సి., నాలుగు మీటర్ల పొడుగు, నేలకి 170 మిల్లీమీటర్ల ఎత్తు, మూడూ దాటితే జి.ఎస్.టి., సెస్సు కలిసి యాభై శాతం పడేది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటినవన్నీ నలభై శాతమే. అయినా బండి ధర పెరిగినకొద్దీ లైఫ్ టాక్సు, బీమా, టైర్లు అన్నీ దాని వెనకే పెరుగుతాయి.

"మావయ్యా, మీరే చెప్పండి" అన్నాడు మేనల్లుడు. గొంతులో నిన్నటి జోరు లేదు.

నూట పదిహేను నుంచి నూట అరవై గుర్రాల మధ్యలో, తక్కువ ఎత్తున కట్టిన అయిదు సీట్ల బండి చూడమన్నాను. పెనుకొండలో 2019 నుంచి కియావారు చేస్తున్న సెల్టాస్‌లాంటివి ఆ కోవలోవి. అందులో డీజిలు 115, 2023లో వచ్చిన టర్బో పెట్రోలు 160. బరువు తక్కువ గనక దాటడానికి కావలసిన గుర్రాలూ తక్కువే. పెద్ద బండికీ దీనికీ తేడా అయిదారు లక్షలు మిగులుతాయి. ఏడుగురు కూర్చోవద్దా అంటే, మూడో వరస వేస్తే వెనకాల సామానుకి చోటుండదు. ఏడాదికి రెండు పెళ్ళిళ్ళ కోసం ఆ వరసని ఏడాదంతా మొయ్యడం దేనికి?

బావ ఇంతసేపూ వింటూ ఒక బెల్లం ముక్క చిదుపుతున్నాడు. "హైడ్రోసేసిన బెల్లం పచ్చగా మెరిసిపోతాది" అన్నాడు. "తెలిసినోడు నల్లదే కొంటాడు." ఇది పెద్ద బండ్లకి అన్యాయం. వాటి గుర్రాలు మెరుపు కోసం పెట్టినవి కావు, నిజమైనవే. ఆ మాట అన్నాను. వినిపించుకోలేదు.

మొన్న మంగళవారం షోరూముకి వెళ్ళారు. అప్ప ఇంట్లోంచి పీట పట్టుకెళ్ళిందిట, అక్కడ అవసరం పడలేదుట. నూట పదిహేను గుర్రాల డీజిలుకి బయానా ఇచ్చారు. మేనకోడలి కాలేజీ ఫీజు అదే సాయంత్రం కట్టారని ఆ పిల్లే నాకు ఫోను చేసి చెప్పింది. ఇప్పుడు తగువు రంగు దగ్గర ఆగింది. మేనల్లుడు నలుపంటున్నాడు. నల్ల బెల్లం మాట ఎత్తి తండ్రినే సాక్ష్యం పిలుస్తున్నాడు.